ఇచ్చినోడు ఏమైనాడు?

ఆ సీరియల్‌ను మొదట్లో మా వీధంతా తిట్టిపోసింది.

చిత్తూరులో మేముండే వీధికంతా అప్పుడు ఒకటే టీవీ. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే ఆయన ఇంట్లో ఉండేది. ఆదివారం పొద్దున ఆ నడవలో ముప్పై మందిమి కూర్చునేవాళ్ళం. మా ఆయన మాత్రం లోపలికి వచ్చేవాడు కాదు. నాకేం పనిలేదా అని, వాకిట్లో నిలబడి బీడీ కాల్చేవాడు. సరిగ్గా బొమ్మ కనబడే చోటే నిలబడేవాడు.

సీరియల్ హిందీలో వచ్చేది. ఢిల్లీలో ఒక ఆసుపత్రి. ఒకరి ఒంట్లోది తీసి ఇంకొకరి ఒంట్లో పెట్టే డాక్టర్ల కథ. మొదటి వారం సూదులు, గొట్టాలు చూపించగానే మా వాళ్ళు గోల చేశారు.

"ఆదివారం పూట ఈ నెత్తురు యాడిదబ్బా! కట్టేయండి దాన్ని."

"కట్టేస్తే నువ్వు పాడతావా?"

ఇంకో ఛానెల్ లేదు కాబట్టి చూశారు. మూడో వారానికి మెత్తబడ్డారు. ఆ కథలో ఒక బడిపంతులు. వయసులో ఉన్నవాడు. రెండు కిడ్నీలూ పోయాయి. అతనికి ఒక అన్న, సేద్యం చేసుకునే మనిషి. తన కిడ్నీ ఒకటి తమ్ముడికి ఇస్తానంటాడు. మా వీధి ఆడవాళ్ళు ఆ పంతులుకు 'మన అయ్యవారు' అని పేరు పెట్టేసుకున్నారు. కొళాయి దగ్గర కలిస్తే అయ్యవారి ముచ్చటే. కాళ్ళు వాచినాయి చూసినావా, పెళ్ళాం కన్నీళ్ళు తుడుచుకోకుండా ఎట్లా వడ్డించింది చూసినావా అని. చివరికి అందరూ తలా ఒక రూపాయి వేసి, పసుపు గుడ్డలో ముడుపు కట్టి టీవీ మీదే పెట్టారు. అయ్యవారికి ఆపరేషన్ బాగా జరిగితే అలిపిరి మెట్లెక్కి కొండకు నడిచిపోయి హుండీలో వేస్తామని మొక్కు.

నేనూ ఒక రూపాయి వేశాను. నాది మాత్రం అయ్యవారి కోసం కాదు.

నా తమ్ముడు కార్వేటినగరం పక్కన మా పుట్టిన పల్లెలో ఉండేవాడు. అప్పటికి వాడికి ఇరవై ఆరేళ్ళు. వాడికీ అదే జబ్బు. వారానికి రెండుసార్లు మద్రాసు బస్సెక్కి పోయి నెత్తురు కడిగించుకొని వచ్చేవాడు. ఎల్లకాలం ఇలా కుదరదు, మీ అక్కది సరిపోతుంది, పెడితే బతుకుతావు అన్నారు అక్కడి డాక్టర్లు. అమ్మా నాయనా లేరు. నేనే ఉన్నాను. పెళ్ళయిన ఆడది ఇవ్వాలంటే మొగుడు సంతకం పెట్టాలన్నారు. మా ఆయన పెట్టనన్నాడు. బెల్లం మండీలో ఆయన మూటలు మోసేవాడు, నేను దిమ్మలు బుట్టకెత్తేదాన్ని. కోసిన ఒంటితో రేపు నువ్వు బుట్ట ఎత్తగలవా అని అడిగాడు.

ఒకటి దాచకుండా చెబుతాను. ఆయన పెట్టనన్నప్పుడు నాకు లోపల నిమ్మళంగా ఉండింది. నాకూ భయమే. ఆయన వద్దన్నాడని తమ్ముడికి చెప్పుకోవచ్చు కదా.

వీధిలో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. సీరియల్ మాత్రం ఒక్క వారం వదల్లేదు.

మాలో హిందీ తెలిసింది ఒక్కరికే. బట్టలు కుట్టే ఆవిడ. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు. మేమంతా మిషనక్క అనేవాళ్ళం. డాక్టరు నోరు మూయగానే ముప్పై తలలూ ఆవిడ వైపు తిరిగేవి. అందరూ అయ్యవారి గురించి అడిగేవాళ్ళు. నేను ఒక్కదాన్నే వాళ్ళన్న గురించి అడిగేదాన్ని.

"అక్కా, ఇచ్చేవోడికి ఏమీ కాదంటనా?"

"అక్కా, ఇచ్చేవోడిని యాడ కోస్తారంట?"

మూడు వారాలు అలా అడిగాక మిషనక్క నా ముఖంలోకి ఒకసారి చూసింది. మా ఇంటికి వచ్చిపోయే తమ్ముడి వాచిన కాళ్ళు ఆవిడ చూసే ఉంటుంది.

ఆపరేషన్ వచ్చిన ఆదివారం నడవలో ఊపిరి వినబడలేదు. రెండు బల్లలు. ఒకదాని మీద అన్న, ఒకదాని మీద తమ్ముడు. లైట్లు. తర్వాత డాక్టరు బయటికి వచ్చి ముఖం గుడ్డ తీసి, అన్న పెళ్ళాంతో చాలాసేపు మాట్లాడాడు. ఆమె గోడకు చేరగిలబడింది. అంతటితో ఆ వారం కథ అయిపోయింది.

"ఏమన్నాడు? అయ్యవారు బతికినాడా?"

"బతికినాడు. కిడ్నీ పని చేస్తా ఉండాదంట," అంది మిషనక్క.

నడవంతా చప్పట్లు.

"ఇచ్చినోడు ఏమైనాడు?" అన్నాను.

మిషనక్క వాకిలి వైపు చూసింది. మా ఆయన బీడీ ఆర్పి, తల లోపలికి పెట్టి ఉన్నాడు.

"ఆయప్పా బాగుండాడు. మూడు నెల్లు పోతే బెల్లం బుట్ట ఎత్తొచ్చునంట."

"బెల్లం బుట్టా?" అన్నాడు మా ఆయన. "ఆ ఢిల్లీ డాక్టరుకు మన బెల్లం సంగతి యాడ తెలుసు?"

"బరువు అన్నాడప్పా. నీకు అర్థమయ్యేట్టు బుట్ట అంటిని. తప్పా?"

"మరి ఆయమ్మ గోడకు చేరగిలబడిందెందుకు?"

"మొగుడు బతికితే సంతోషముండదా? నీ పెండ్లాన్నడుగు!"

అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. మరుసటి రోజు మండీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ అన్నాడు, "మీ తమ్ముణ్ణి పిలిపీ. మద్రాసుకు పోదాం."

ఆ మాటతో నా నిమ్మళం పోయింది. ఇక దాక్కోవడానికి చోటు లేదు.

మద్రాసులో అయిదు రోజులు పరీక్షలు చేశారు. శనివారం డాక్టరు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టాడు. నెల్లూరు వైపు మనిషి, తెలుగులోనే చెప్పాడు. ఇచ్చేవాళ్ళకు కూడా ప్రమాదం ఉంటుంది, ఒక్కోసారి నెత్తురు ఆగదు, మళ్ళీ తెరవాల్సి వస్తుంది, ప్రాణం మీదికి రావడం అరుదే కానీ రాదని చెప్పలేను అన్నాడు.

"సీరియల్లో డాక్టరు అట్ల చెప్పలేదే సార్," అన్నాను.

ఆయన నవ్వాడు. "మీరూ చూస్తారా? అదే చెప్పాడు కదమ్మా. వాళ్ళ అన్నకు నెత్తురు ఆగలేదు, ఇంకా స్పృహ రాలేదు. అక్కడే కదా ఆపాడు."

మిషనక్క మాతో బాగుండాడనే కదా చెప్పింది. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఆయప్పకు తెలివొస్తాదా సార్?"

"నాకేం తెలుసయ్యా? రేపు చూడాల్సిందే."

"అట్లయితే సంతకం రేపు చూసినాకనే," అన్నాడు మా ఆయన. డాక్టరు నవ్వడం మానేశాడు. కథకూ మీకూ సంబంధం లేదు, సోమవారం పొద్దున మాత్రం ఏదో ఒకటి తేల్చండి, ఆ అబ్బాయి ఒళ్ళు ఇక ఆగదు అన్నాడు.

ఆదివారం పొద్దున మేము దిగిన లాడ్జి హాల్లో టీవీ ముందు కూర్చున్నాం. చుట్టూ ఆసుపత్రి మనుషులే, అందరూ అరవంలో మాట్లాడుతున్నారు. చెప్పడానికి మిషనక్క లేదు. ఆ రోజు కథంతా అయ్యవారిదే. లేచి కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, పెళ్ళాంతో నవ్వాడు. ఆఖర్లో నర్సు వాళ్ళన్న గది తలుపు తీసింది. మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. అంతే, పేర్లు పడ్డాయి.

"చచ్చినాడు," అన్నాడు మా ఆయన.

"ఇంటికి పోయినాడేమో."

"దుప్పటి మడిచినారు మే! పోయినోడి దుప్పటే మడుస్తారు."

"పోతే చాకలికేస్తారు గానీ మడిచి పెడతారా?"

ఆ దుప్పటి మీద పగలంతా కొట్లాడుకున్నాం. బతికాడని నేను, చచ్చాడని ఆయన. పైకి నేను గెలుస్తున్నట్టే ఉండింది. లోపల ఆయన మాటే నమ్మాను.

సోమవారం తెల్లవారి తమ్ముడు ఆసుపత్రి నుంచి లాడ్జికి వచ్చాడు. వాచిన కాళ్ళకు చెప్పులు పట్టక చేతిలో పట్టుకొని వచ్చాడు. సంచి సర్దుకొని ఉన్నాడు.

"అక్కా, వద్దులే. ఊరికి పోదాం. బావకు ఇష్టం లేకుండా వద్దు. నాకేం, ఇన్ని దినాలు బతికినా కదా."

'కాదు, ఆసుపత్రికి పోదాం పా' అని నేను వెంటనే అనాలి. నోరు రాలేదు. ఆ రెండు క్షణాలు ఈ రోజుకీ నాకు గుర్తున్నాయి. నేను మాట్లాడలేదని తమ్ముడు చూశాడు. తల వంచుకొని సంచి భుజానికి తగిలించుకున్నాడు.

మా ఆయన వాడి చేతిలోని చెప్పులు లాక్కున్నాడు.

"యాడికి రా పోయేది? ఈ కాళ్ళతో బస్సెక్కుతావా? కూర్చో ఆడ!"

వాడు కూర్చున్నాడు. మా ఆయన నా వైపు తిరిగాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నీకేమన్నా అయితే నాకెవురుండారు మే? చెప్పు."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. బుట్ట ఎవరెత్తుతారన్నదే ఆయన దిగులు అనుకుంటూ ఉన్నాను.

"ఏమీ కాదు, పా," అన్నాను. నాకు తెలిసి కాదు, ఆయన అడిగాడు కాబట్టి అన్నాను.

ఆసుపత్రిలో డాక్టరు కాగితం చదివి వినిపించాడు. ఇంకోసారి చదవమన్నాను, నిదానంగా. నెత్తురు ఆగకపోవచ్చు అన్న చోట ఆపి, మళ్ళీ చదివించుకున్నాను. తర్వాత వేలిముద్ర వేశాను. పక్కన మా ఆయన తనకు వచ్చిన మూడక్షరాలూ రాశాడు. ఆ కాగితం నేను సొంతంగా చదువుకోలేకపోయానే అన్న మంట మాత్రం పోలేదు. ఆ మంటతోనే నలభై దాటాక వయోజనుల బడిలో పలక పట్టాను.

నాకు మళ్ళీ తెరవాల్సిన అవసరం రాలేదు. తమ్ముడికి నాది పని చేసింది. తొమ్మిదేళ్ళు బతికాడు. పెళ్ళి చేసుకున్నాడు, ఒక కూతురు.

నెల తర్వాత ఇంటికి వస్తే మిషనక్క రెండు వదులు జాకెట్లు, కుట్లకు తగలకుండా నాడా పక్కకు పెట్టిన లంగా తెచ్చింది. ఎవరూ చెప్పకుండానే కొలతలు సరిపోయాయి. ఆవిడ మంచం దగ్గర నిలబడే ఉంది, కూర్చోలేదు.

"అబద్ధం చెప్పినావే అక్కా," అన్నాను.

"చెప్పినా. నువ్వు పోయిన దినం నుంచి నాకు కూడు దిగలేదు. నీకేమన్నా అయ్యింటే నా నోరే కదా కారణం."

"మరెందుకు చెప్పినావు?"

"నిజం చెప్పింటే పోయింటావా?"

"పోయింటాను," అన్నాను.

ఆవిడ తల ఊపి కూర్చుంది. నమ్మిందో లేదో తెలియదు. ఆ సీరియల్‌లో అన్న కూడా బతికాడట, ఆ ఖాళీ మంచం రోజు అతన్ని వేరే గదికి మార్చారట. వీధంతా కలిసి ముడుపు కొండకు చేర్చి వచ్చారు. మిషనక్క అదంతా చెప్పుకుపోతూ ఉంది. నేను వింటూనే, ఆ సోమవారం లాడ్జిలో చెప్పులు చేత్తో పట్టుకొని నా ముందు నిలబడ్డ తమ్ముణ్ణి మనసులో చూస్తున్నాను. పోయింటాను అన్న నా మాట నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు.