కారుకి నేను పెట్టిన ముక్కు

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ల వయసు, విత్తనాల కంపెనీలో కొత్త ఉద్యోగం, ఎవరు చెప్పినా వినని చెవులు ఉండేవి. (వయసూ ఉద్యోగమూ మారాయి.) ఈ సంగతిని మా ఇంట్లోవాళ్లు ప్రతి శుభకార్యంలోనూ చెబుతారు, ప్రతిసారీ ఒక ముఖ్యమైన విషయం వదిలేసి చెబుతారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాజమండ్రిలో ఒకాయన దగ్గర రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. ఆయన అమ్ముతున్నాడనుకున్నాను, వదిలించుకుంటున్నాడని తర్వాత తెలిసింది. ఒకప్పటి ఎరుపు ఎండకి వెలిసి ఇటుక రంగులోకి దిగింది. నేలకి జానెడు ఎత్తులో ఉండేది. అమ్మ ఒక్కసారి ఎక్కి, "దీంట్లో కూర్చోడానికి ఒక్కరు చాలురా, లేవడానికి ముగ్గురు కావాలి" అని మళ్లీ దాని జోలికి రాలేదు. నాన్న ట్రాక్టరుని షెడ్డులోంచి బయటపెట్టి కారుని లోపల పెట్టాను. నాన్న అనాల్సింది తర్వాత అన్నారు. ఇదిలా ఉండగా ఓ సాయంత్రం కాలవగట్టు రోడ్డు మీద మా బావ (అక్క భర్త, కాపురం రామచంద్రపురంలో) తన పాత డీజిల్ జీపులో నన్ను దాటాడు. దాటి ఊరుకోవచ్చు కదా. వేగం తగ్గించి, నా పక్కకి వచ్చి, తల బయటపెట్టి, "ఏరా బామ్మర్దీ, దిగి తొయ్యమంటావేంటి?" అన్నాడు. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా నేను మర్చిపోలేదు.

ఆ వారంలోనే నాన్న తీర్పు వచ్చింది. "ఆదివారం మనవడి అన్నప్రాసన. అల్లుడుగారి జీపు కంటే ముందు నీ కారు వాళ్ల గుమ్మంలో ఆగితే షెడ్డులో ఉంచుకో. లేదా, సోమవారం పాత ఇనుము వాళ్లకి కబురు పెడతాను. నా ట్రాక్టరు ఎండలో మాడిపోతోంది."

నాకున్నవి నాలుగు రోజులు. ఫోన్లో వీడియోలు చూస్తే రోగం తెలిసిపోయింది. కారుకి ఊపిరి ఆడటం లేదు. ఇంజను పక్కన గాలి వడపోసే నల్ల డబ్బాలోంచి వేడి గాలి పీలుస్తోంది. దానికి చల్లగాలి కావాలి, అదీ ధారాళంగా. డబ్బా ఊడదీసి డాబా మీద పడేశాను. బోరుకి వేసే మూడంగుళాల ప్లాస్టిక్ పైపు, రెండు వంపు ముక్కలు తెచ్చాను. పైపుని ఇంజను దగ్గర్నుంచి కిందకి దింపి, ముందు బంపరు కింద మూతి తెరిచి పెట్టాను. వడపోతకి అమ్మ పాత వాయిల్ చీర ముక్కని రెండు మడతలు వేసి, ఇంజను వైపు చివర రబ్బరు బ్యాండుతో బిగించాను. స్టార్ట్ చేస్తే గేదె బుసకొట్టినట్టు చప్పుడు వచ్చింది. నాన్న వరండాలోంచి, "దానికేమైనా జలుబు చేసిందేంట్రా?" అన్నారు. శాస్త్రం తెలియనివాళ్లతో వాదన అనవసరం.

ఆదివారం ఉదయం బావ అమ్మానాన్నలని ఎక్కించుకోడానికి వచ్చాడు. బయలుదేరే ముందు నా దగ్గరికి వచ్చి, "ఒరేయ్, దాళ్వా కోతలయ్యాయి, కాలవగట్టు మీద ధాన్యం ఆరబోశారు. నిదానంగా రా" అన్నాడు. ఓడిపోతానన్న భయంతో చెబుతున్నాడని నాకు వెంటనే అర్థమైపోయింది. సగం దూరం జీపు వెనకే అంటిపెట్టుకుని వెళ్లాను. ఒకచోట రోడ్డులో కుడి సగమంతా ధాన్యం పరిచి, చుట్టూ రాళ్లు పెట్టారు. బావ ఎడమ పక్కనుంచి మెల్లగా పోతున్నాడు. నేను రెండు రాళ్ల మధ్యలోంచి ధాన్యం మీదకెక్కి, గేరు మార్చి, జీపుని దాటాను. దాటాను. ఇంట్లోవాళ్లు వదిలేసే విషయం ఇదే. అద్దంలో అమ్మ నోరు తెరుచుకుని చూడటం కూడా కనిపించింది. సుమారు ముప్ఫై గజాలు నేనే ముందున్నాను. తర్వాత కారు రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

కాళ్లతో ధాన్యం తిరగేస్తున్న ఒకావిడ తలపాగా సర్దుకుంటూ వచ్చింది. వెనకే జీపు ఆగింది. నేను ఇంజను మీది మూత ఎత్తి, పైపు వంపు ఊడదీశాను. లోపల్నుంచి ధాన్యం జలజలా కారింది. ఆవిడ ఆశ్చర్యపోకుండా చేట తెచ్చి కింద పట్టింది. నిండింది. నా చొక్కా మీద కంపెనీ బొమ్మ చూసి, "విత్తనాల కంపెనీ బాబేనా అండి?" అంది.

"అవునండి."

"ఆయ్. శాంపిల్ కావాలంటే అడిగితే ఇచ్చేవాళ్లం కదండీ. ఇలా కారుతో పీల్చుకోడం ఏంటండీ?"

నాన్న జీపు దిగలేదు. బావ దిగి వచ్చాడు కానీ నవ్వలేదు. నవ్వకుండా ఉండటం ఎంత కష్టమో అతని మెడ చూస్తే తెలిసింది. వాయిల్ ముక్క చిరిగి ఊకా దుమ్మూ లోపలికి పోయాయి, ఇంజను ఇక తిరగనంది. ఆవిడ ఇంట్లోంచి గేదె పలుపు తెచ్చి ఇచ్చింది. ఆ పలుపుతో జీపుకి కట్టించుకుని, మేనల్లుడి అన్నప్రాసనకి చేరాను. సన్నాయి వాళ్లు మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆపేశారు.

"అల్లుడుగారు ముందొచ్చారు" అన్నారు నాన్న.

"మధ్యలో ఒక్క పలుపే కదా నాన్నా, తేడా!" అన్నాను.

"పలుపు ఏ చివరున్నావో చూసుకో" అన్నారు.

సోమవారం కారు వెళ్లిపోయింది. ట్రాక్టరు నీడలోకి వచ్చింది. నల్ల డబ్బా మాత్రం డాబా మీదే ఉండిపోయింది; అమ్మ అందులో మట్టి పోసి కనకాంబరాలు వేసింది, ఇప్పటికీ పూస్తున్నాయి. దానికి గాలి ధారాళంగా తగులుతోంది. ఇప్పుడు నాకో మామూలు కారుంది, కంపెనీ బిగించిన ముక్కుతోనే తిరుగుతోంది. కాలవగట్టు మీద ధాన్యం కనిపిస్తే ఎడమ పక్కనుంచి మెల్లగా పోతాను. ఆ చోటుకి వచ్చినప్పుడు మాత్రం కాస్త ఆగి, ఆ ముప్ఫై గజాలూ కళ్లతో కొలుస్తాను. బావ ఒప్పుకోడు, నాన్న ఒప్పుకోరు. ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు గెలిచాడని చెప్పడానికి ఇక మిగిలింది నేనొక్కణ్ణే.