సూర్రావు రెండుసార్లు విన్న మాట

నిన్న పొద్దున సూర్రావు భార్య ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఆయన వెళ్లిపోయారండి."

ఎక్కడికమ్మా అన్నాను. మళ్లీ ఆసుపత్రికేమో అనుకున్నాను.

ఆవిడ ఏడ్చింది. అప్పటికిగాని నాకు అర్థం కాలేదు.

నాకు రాయడం రాదు. ఊరి బడి చదువు. మాట్లాడడం అంతకన్నా రాదు. రావులపాలెం మార్కెట్లో ఏళ్ల తరబడి పక్కపక్కనే అరటి గెలలు అమ్మాం. బేరం నాదైనా గొంతు సూర్రావుదే.

నిన్న సాయంత్రం దహనం దగ్గర అందరిదీ ఒకటే మాట. "భయమంటే తెలీని మనిషండి. క్యాన్సర్ అని చెప్తే నవ్వేశాడంట."

అది సగమే నిజం. మిగతా సగం నాకు తెలుసు. అందుకే ఈ పోస్ట్.

రెండేళ్ల క్రితం నాకు కడుపులో మంట. రాజమండ్రిలో ఎండోస్కోపీ చెయ్యాలన్నారు. నోట్లోంచి గొట్టం దింపి చూస్తారు. భయంతో అన్నం మానేశాను. సూర్రావు తోడు వచ్చాడు.

అప్పట్లో అక్కడి డాక్టరుగారు రెండు రకాల మత్తు ఇంజెక్షన్లు పోల్చి చూస్తున్నారు. ఒప్పుకున్నవాళ్లలో కొందరికి ఒకటి, కొందరికి రెండోది. ఎవరు ఎంత హాయిగా ఉన్నారు, ఎవరు త్వరగా తేరుకున్నారు అని అడిగి తెలుసుకునేవారు.

నాకు వేసింది తెల్లగా, అచ్చం పాలలా ఉంది. నరంలోకి ఎక్కుతుంటే చెయ్యి మండింది. కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. కాసేపటికే లేచి నా చెప్పులు నేనే వెతుక్కున్నాను. కడుపులో మామూలు మంటే, ఇంకేమీ లేదన్నారు.

"ఈ మాత్రానికి వారం రోజులు అన్నం మానేశావేంట్రా అబ్బులూ!" అన్నాడు సూర్రావు. ఆ ఊపులోనే డాక్టరుగారితో, "నాకూ ఈమధ్య ముద్ద దిగట్లేదండి, ఓసారి చూసేద్దురూ" అన్నాడు.

నాకు కూడా అంతవరకు చెప్పలేదు.

మళ్లీ వారం వెళ్లాం. ఈసారి తోడు నేను. వాడికి రెండో మందు వేశారు. నీళ్లలా ఉంటుంది.

గొట్టం తీశాక త్వరగానే కళ్లు తెరిచాడు. నర్సమ్మతో పరాచికాలు మొదలెట్టాడు. "మావోడికి పాలమందు, నాకు నీళ్లమందా? మా మార్కెట్లో ఇలా చేస్తే గెల మొహాన కొడతారండి."

ఇంత తెలివిగా మాట్లాడుతున్నాడు. పైగా ఏముందో చెప్పమని పట్టుబట్టాడు. డాక్టరుగారు చెప్పేశారు. అన్నవాహికలో గడ్డ ఉందని, ముక్క తీసి టెస్ట్‌కి పంపామని, చూస్తే మాత్రం క్యాన్సర్‌లాగే ఉందని.

సూర్రావు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే అబ్బులూ, నాకు భయమేస్తందిరా."

వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడు ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. నేను వాడి చెయ్యి వదల్లేదు.

అలాగే నిద్రపోయాడు.

లేచి మొహం కడుక్కుని, "ఏరా, డాక్టరుగారు ఏమన్నారు?" అన్నాడు.

నేను నర్సమ్మ వైపు చూశాను.

నర్సమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఈ మందుకి అంతేనండి. బాగానే మాట్లాడతారు, తర్వాత ఏదీ గుర్తుండదు. ఇప్పుడు చెప్పినా నిలవదు. రేపు మీరే నెమ్మదిగా చెప్పండి."

నేను. నేను చెప్పాలి.

బస్సులో అడుగుతూనే ఉన్నాడు. రేపు చెప్తానన్నాను. "నీకు మాటలెప్పుడొచ్చాయిరా?" అని నవ్వి, కాసేపాగి మళ్లీ అదే అడిగాడు.

మర్నాడు మార్కెట్లో చక్కెరకేళి గెలలు దింపుతున్నాడు. వెళ్లి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు.

"నిన్నే చెప్పారు, మందు వల్ల మర్చిపోయావు" అన్నాను.

"అప్పుడు నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు."

నా మొహంలోకి చూశాడు. నా కళ్లల్లో నీళ్లు.

"ఈ ముక్క కోసం రాత్రంతా కంఠతా పట్టావేంట్రా?" అని పెద్దగా నవ్వాడు. మార్కెట్టంతా తిరిగి చూసింది. ఆ నవ్వే అందరికీ తెలుసు.

తర్వాత కీమో. కొన్నాళ్లకి అన్నం పోయి జావ, జావ పోయి కొబ్బరినీళ్లు. మధ్యలో ఎన్నోసార్లు గొట్టం దింపి చూశారు. మత్తుమందులు పోల్చి చూడడం అప్పటికి అయిపోయింది. ఒకసారి డాక్టరుగారు, మీకు ఏది వెయ్యమంటారని వాడినే అడిగారు.

"పాలమందే వెయ్యండి. లేచాక మీరు చెప్పేది నాకు గుర్తుండాలి. వీడి చేత మళ్లీ చెప్పించలేనండి."

నేను పక్కనే ఉన్నాను.

అందుకే చెప్తున్నాను. భయం లేని మనిషి కాదు మా సూర్రావు. ఎంత భయమేసిందో నా చేతికి తెలుసు. ఆ భయం మా మీద పడకుండా చూసుకున్నాడు.

ఇక చాల్లేరా. హాయిగా పడుకో. గోదారమ్మ నిన్ను చల్లగా చూసుకోవాలి.

చెల్లెమ్మ దగ్గరికి రేపు వెళ్తాను. ఏదో ఒకటి మాట్లాడతాను.