చీటీలో లేని పేరు

మా టీచరమ్మ పోయారని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. కుక్కర్ కింద మంట ఆర్పి, గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాను. ఇబ్రహీంపట్నం చర్చిలో మా ఈడు వాళ్లందరికీ సత్యోపదేశం చెప్పిన మనిషి ఆమె.

ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం ఉన్న శనివారం, ముందుగా ఆ తప్పులు రాసుకోవడానికి తలా ఒక చీటీ ఇచ్చేవారు. "ఫాదర్‌కు చెప్పేది తర్వాత. ముందుగాల మీకు మీరు చెప్పుకోండ్రి" అనేవారు. పావుగంట రాసుకునేవాళ్లం. తను కూడా ఒక మూల కూర్చుని తన చీటీ రాసుకునేవారు. రాసినవి ఎవరివీ అడిగేవారు కాదు.

నాకప్పుడు పదిహేనేళ్లు. చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజులు. మన్నెగూడ దిక్కు పొలం అమ్ముకున్న ఇంటి పిల్ల, నా నేస్తం, ఒక ఆదివారం కొత్త కమ్మలతో క్లాసుకు వచ్చింది.

"ఏందే, చెవులకు పొలం పెట్టుకొచ్చినవా?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఆమె రాలేదు. చాప మీద నా పక్క చోటు ఖాళీగానే ఉండిపోయింది.

ఆ నెల చీటీ మీద గీతలు కొట్టి, వరుస నంబర్లు వేసి రాశాను. అబద్ధం నాలుగుసార్లు, కోపం ఏడుసార్లు, జపమాల ఎగ్గొట్టడం మూడుసార్లు. అడగకుండానే తీసుకెళ్లి టీచరమ్మకు చూపించాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"మస్తు రాసినవ్ బిడ్డా. గిండ్ల ఒక్క మనిషి పేరన్న లేదేంది? అబద్ధం ఎవలకు చెప్పినవ్, గోడకా?"

నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. కమ్మల సంగతి చెప్పాను.

"నేను గూడ విన్న. నువ్వే చెప్తవని చూస్తున్న. పో, ఆ పిల్లతోని మాట్లాడి రా."

"లైన్ అయిపోతది టీచర్. ఫాదర్ పోతడు."

"గా ఫికర్ నాకిడిసిపెట్టు."

బస్టాండు వెనక ఇంట్లో నేస్తం బట్టలు ఆరేస్తోంది. చెవులకు కమ్మల్లేవు.

"మళ్ల ఏమనడానికొచ్చినవ్?"

"కుళ్లుతోని అన్ననే. తప్పయింది."

ఆమె తడి చీర దులుపుతూనే ఉంది. "అందరి ముంగట అన్నవ్ గదా. గట్లనే అందరి ముంగట చెప్తవా?"

"చెప్త."

"జర ఆగు. చెప్పులేసుకుంట."

ఇన్నేళ్లలో ఎన్నో చీటీలు రాశాను. ఇప్పుడు నంబర్లు వెయ్యను, మనుషుల పేర్లే రాస్తాను. ఒక్కసారి వెళ్లి టీచరమ్మకు చూపించాలని ఈస్టర్‌కు ముందు వచ్చే ప్రతి తపస్సుకాలంలో అనుకునేదాన్ని. ఇల్లు, పిల్లలు అంటూ వాయిదా వేశాను. ఇక ఆ చాప మీద ఆమె ఎదుట కూర్చునే వీలు లేదు. ఆ రోజును తలుచుకోవడమే మిగిలింది.

ఆ రోజు నేనూ నేస్తం చర్చికి చేరేసరికి పిల్లలు ఇంకా చాపల మీదే ఉన్నారు. అందరికీ వినబడేలా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అటు పాపసంకీర్తనం లైన్లో ఒక్కరే మిగిలారు. టీచరమ్మ. వచ్చిన వాళ్లనందరినీ ముందుకు పంపుతూ, ఫాదర్ లేచిపోకుండా, నా వంతులో నా బదులు నిలబడి ఉన్నారు. మమ్మల్ని ఏమీ అడగలేదు. కొంగుతో మెడ తుడుచుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, ఇద్దరికి సరిపడా చోటిచ్చారు.