గట్టమ్మట

చిన్నమ్మాయి తన జీవితంలో సగం వెనక్కి నడుస్తూనే గడిపింది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఊడ్పు పని చేసిన ఆడవాళ్ళనెవరినైనా అడగండి, చెబుతారు. వరినారు నాటేవాళ్ళు ముందుకు నడవరు. నడుం వంచి, ఎడం చేత్తో నారు పట్టుకుని, కుడి చేత్తో నాలుగేసి పరకలు బురదలో గుచ్చుతూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తారు. నాటిన దాంట్లో మళ్ళీ కాలు పడకూడదు. అంత ఒబ్బిడిగా నాటిన చేలో ఎవడైనా అడ్డంగా పడి నడిచాడంటే చిన్నమ్మాయికి ఒళ్ళు మండిపోయేది. ముఠాకి ఆవిడే పెద్ద. చేను అవతలి కొస నుంచి కూడా వినిపించేలా అరిచేది.

"గట్టమ్మట నడవండి. గట్టమ్మట."

గట్టు వెంబడి అని. ఆ కేక అందరూ విన్నదే. కామందు గారి కొత్తల్లుడు తెల్ల పంచె కట్టుకుని చేను చూడ్డానికొచ్చి, దగ్గర దారి కదా అని మడిలో కాలు పెట్టినప్పుడు ఆయనక్కూడా తప్పలేదు. పాపం, ఆయన కొంగలా ఒంటికాలి మీద నిలబడిపోయాడట. ఊరంతా వారం రోజులు నవ్వుకుంది.

త్రిమూర్తులు ఆవిడకి మొగుడయ్యిందీ ఆ కేకతోనే. నారు కట్టలు మోసే పనికి కొత్తగా వచ్చాడు. తలమీద మోపుతో తిన్నగా నాటిన మడిలోకి దిగాడు. "కళ్ళు నెత్తికెక్కాయా? గట్టమ్మట రా" అంది చిన్నమ్మాయి. వరసకి మేనమామ కొడుకే, దూరపు చుట్టరికం. వెనక్కి వెళ్ళి, గట్టెక్కి, చుట్టూ తిరిగొచ్చి, మోపు ఆవిడ ముందు దించి నవ్వాడు. ఆ మరుసటి వేసవిలో పెళ్ళయింది. అప్పట్నుంచీ ఆయన పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచింది తక్కువ. సరదా పుట్టినప్పుడల్లా "ఏమే గట్టమ్మటా" అనేవాడు. ఆవిడ మూతి తిప్పుకునేది గానీ, ఆయన అలా పిలవని రోజున ఏదో వెలితిగా ఉండేది.

మోకాళ్ళు అరిగిపోయాక చిన్నమ్మాయి పొలం పని మానేసింది. అప్పటికే త్రిమూర్తులు రైసు మిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరాడు. కాపురం టౌనులోకి మారింది. గోదావరి గట్టు కింద, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి పోయే గానుగ సందు. దాని చివర రెండు గదుల ఇల్లు, ముందు చిన్న అరుగు. ఒక్కగానొక్క కూతురు వీరదుర్గని పెద్దాపురంలో ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఊక దుమ్ము పీల్చీ పీల్చీ త్రిమూర్తులికి ఆయాసం పట్టుకుంది. మామూలు రోజుల్లో బాగానే ఉంటాడు, కబుర్లు చెబుతాడు. ఉబ్బసం ఎగదన్నిందంటే మాత్రం చూడలేం. గుండెలు ఎగరేస్తూ, కళ్ళు తేలేసి, గోడ పట్టుకుని నిలబడిపోతాడు.

"పట్టు వచ్చిందంటే ఆలస్యం చెయ్యకూడదమ్మా. కషాయాలూ అవీ అని కూర్చోకండి. వెంటనే తెచ్చెయ్యండి" అని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. దాని గురించి చిన్నమ్మాయికి బెంగ ఉండేది కాదు. సందు మొదట్లో ఆటో నడిపే లోవరాజు ఉన్నాడు, పిలిస్తే పలుకుతాడు. ఆటో తిన్నగా గుమ్మంలోకి తెచ్చి నిలబెట్టేవాడు. అలా రెండు మూడుసార్లు గండం గడిచింది కూడా.

ఆ ఏడాది ఆగస్టులో వరదొచ్చింది. గట్టు కింద తూము ఎగదన్ని పల్లపు వీధులన్నీ మునిగాయి. నీళ్ళు తీశాక చూస్తే గానుగ సందు పొడుగునా మోకాలి లోతు ఒండ్రు. లంకల్లో పడితే రైతు కళ్ళకద్దుకునే మట్టి అది. సందులో పడితే ఏం చేసుకుంటాం?

మునిసిపాలిటీ వాళ్ళు రాలేదని కాదు. వచ్చారు. ముందు పెద్ద రేకు బిగించిన ట్రాక్టరు, జనం బ్లేడు బండి అంటారు, అది తెచ్చి మెయిన్ రోడ్డు మీద ఒండ్రంతా నెట్టారు. ఎవరో పెద్దాయన వరద చూడ్డానికి కారులో వస్తున్నాడని హడావుడి. రోడ్డు నల్లగా తళతళలాడిపోయింది. మరి ఆ నెట్టిన బురదంతా ఎక్కడికి పోయిందంటే, పక్క సందుల మొదట్లోకి. గానుగ సందు నోటికి అడ్డంగా రొమ్ముల ఎత్తు దిబ్బ తయారైంది. లోపలి బురద లోపలే ఉంది, పైన ఇదొకటి.

"రోడ్డుకి మొహం కడిగి ఆ నీళ్ళు మన మొహాన కొట్టారు" అంది ఎదురింటి సత్యకుమారి. ఆవిడ మిషను కుట్టుకుంటుంది, నోరు కాస్త పెద్దది.

సందులో మగాళ్ళు పారలు పట్టుకుని దిబ్బకి ఆటో పట్టేంత గండి కొట్టారు. మర్నాడు పొద్దున్నే బ్లేడు బండి మళ్ళీ వచ్చి, రోడ్డు వారన మిగిలిన బురద కూడా ఊడ్చి, కొట్టిన గండిలోనే కూరింది. డ్రైవర్ని అడిగితే "నాకు మెయిన్ రోడ్డే చెప్పారండి" అన్నాడు. వాడిని తిట్టి లాభం ఏముంది?

రిటైరైన పోస్టుమాస్టరు హరిబాబు గారు అందర్నీ వెంటబెట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళారు. చిన్నమ్మాయీ వెళ్ళింది.

"ఇంకా తడిగా ఉందండి. ఇప్పుడు దింపితే బండి కూరుకుపోద్ది. ఎండాక తీయించేద్దాం" అన్నాడు అక్కడి ఇంజనీరు.

ఎండింది. నెర్రెలు కూడా విచ్చింది. మళ్ళీ వెళ్ళారు.

"గట్టిపడిపోయిందండి. బ్లేడు విరిగిపోద్ది. ఒక వాన పడనివ్వండి" అన్నాడు అదే మనిషి, మొహంలో నవ్వు లేకుండా.

వాన పడింది. మళ్ళీ వెళ్ళారు. తడిగా ఉందన్నాడు.

"బాబూ, మా ఆయనకి ఆయాసం. ఆటో గుమ్మంలోకి రావాలి. మా ఒక్క సందూ తీయించండి, మీకు పుణ్యముంటాది" అని చిన్నమ్మాయి బల్ల పట్టుకుని బతిమాలింది. "అందరిదీ అర్జెంటేనమ్మా" అన్నాడాయన. ఆ మాట పట్టుకుని ఆవిడ దారి పొడుగునా కుమిలిపోయింది. ఇంటికొచ్చి మొగుడితో మాత్రం "రేపో ఎల్లుండో తీస్తారంట మావా" అంది.

"తీస్తార్లేవే. ఈలోపు నేను ఊపిరి బిగబట్టుకు కూచుంటాను" అన్నాడు త్రిమూర్తులు.

ఇలా అయితే లాభం లేదని హరిబాబు గారు ఒక ఆలోచన చేశారు. మన వైపు రోడ్లు పాడైతే జనం ఏం చేస్తారో తెలిసిందే కదా. రోడ్డు మీద వరినాట్లు వేసి, పేపరు వాళ్ళని పిలిచి, ఫొటో తీయిస్తారు. ఆయన కొడుకు అశోక్ మండపేట అవతల వాళ్ళ మేనమామ దగ్గర్నుంచి నారు తెచ్చాడు. చూడగానే చిన్నమ్మాయి మండిపడింది.

"వరదకి చేలన్నీ కుళ్ళిపోయి నారు దొరక్క రైతులు ఏడుస్తుంటే, ఫొటోల కోసం తెచ్చారా? ఏం మనుషులండీ మీరు."

"మీ ఆయన కోసమేనమ్మా. పేపర్లో పడితే బండి పరిగెత్తుకొస్తుంది" అన్నారు హరిబాబు గారు.

ఆ మాటకి ఆవిడ మెత్తబడింది. అప్పటిదాకా అందరూ నడవడానికి సందు మధ్యన బురదలో వరసగా ఇటుకలు పరిచి ఉండేవి. ఫొటోలో అవి కనపడకూడదని తీసి, పక్కన మురుగు కాలవ అంచున వరసగా పరిచారు. ఆడవాళ్ళు చీరలు ఎగదోపి దిగారు. నవ్వులే నవ్వులు. సత్యకుమారి నారుని పూలదండలా పట్టుకుని ఫొటోకి నిలబడింది. మిగతావాళ్ళు పైపైన గుచ్చి ఊరుకున్నారు.

చిన్నమ్మాయికి అది చేతకాలేదు. నారు చేతిలో పడేసరికి నడుం దానంతటదే వంగింది. దిబ్బ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ, పక్కవాళ్ళు వంకరగా గుచ్చినవి కూడా పీకి సరిచేస్తూ, సందు పొడుగునా నాటుకుంటూ వచ్చింది. మోకాళ్ళ నొప్పి మాటే గుర్తురాలేదు. కాలు వెనక్కి వేస్తే తన అరుగు తగిలింది. తలెత్తి చూస్తే త్రిమూర్తులు అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"ఏమే గట్టమ్మటా. ఇల్లు చేరిపోయావు" అన్నాడు. ఆవిడ బురద చేత్తోనే మొహం తుడుచుకుంది.

మర్నాడు జిల్లా పేపర్లో ఫొటో పడింది. వంగిన చిన్నమ్మాయి వీపూ, వెనకాల దిబ్బా. ఆఫీసు నుంచి ఒక జీపొచ్చింది. అందులోంచి దిగినాయన దిబ్బ అవతలే నిలబడి తనూ రెండు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. బండి మాత్రం రాలేదు.

నారు బతికింది. వానలు పడుతూనే ఉన్నాయి, ఒండ్రు కదా, వేరు పట్టి పచ్చగా లేచింది. ఇక్కడే అసలు చిత్రం జరిగింది. ఆ సందులో కాపురాలన్నీ పల్లెల నుంచి వచ్చినవే. ఏ ఇంటి మనిషికైనా బుద్ధి తెలిసినప్పటి నుంచీ పైరులో కాలు పెట్టకూడదని ఒంట్లో ఇంకిపోయి ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరూ కాలవ అంచున ఇటుకల మీంచే, చీరలూ లుంగీలూ ఎత్తిపట్టుకుని, గోడ తడుముకుంటూ నడవడం మొదలుపెట్టారు. ఇటుకలు మళ్ళీ మధ్యకి మారుద్దామని ఒక్కరికీ తోచలేదు. దూడ దిగితే అదిలించేవారు. చిన్నమ్మాయి పొద్దున్నే లేచి ఆ పచ్చదనం చూసుకుని, అది తన దారిని మూసిన బురద అన్న సంగతి కాసేపు మర్చిపోయేది.

సెప్టెంబరు నెలలో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి ఉంది. త్రిమూర్తులు అన్నం ముందు కూర్చున్నవాడల్లా కంచం పక్కకి నెట్టి గోడ పట్టుకున్నాడు. చిన్నమ్మాయి సత్యకుమారిని కేకేసింది. సత్యకుమారి పరుగున వెళ్ళి లోవరాజుని పిలిచింది. లోవరాజు ఆటో దిబ్బ అవతల ఆపి, దిబ్బ ఎక్కి దిగి వచ్చాడు. అశోక్ ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. త్రిమూర్తుల్ని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరూ చెరోపక్కా ఎత్తారు.

నడి వీధిన తిన్నగా వెళ్తే, ఒండ్రు అణిగి ఇప్పుడు పిక్కల లోతు బురద, అంతే. లోవరాజు ఒక కాలు పైరులో పెట్టనే పెట్టాడు. అదే సమయంలో చిన్నమ్మాయి వెనక నుంచి అరిచింది.

"గట్టమ్మట. గట్టమ్మట రండి."

ఆవిడ ఆలోచించి అనలేదు. నలభై ఏళ్ళు అరిచిన నోరు, పైరులో కాలు కనపడగానే అరిచింది, అంతే. లోవరాజు కాలు వెనక్కి తీసుకున్నాడు. అంత ఆయాసంలోనూ త్రిమూర్తులు ఆ మాట విని తల ఇటు తిప్పాడు. పెదాలు కాస్త విచ్చుకున్నాయి. నవ్వాడు, నిజంగానే నవ్వాడు.

కాలవ అంచున మనిషి పట్టడమే కష్టం, కుర్చీతో ఇద్దరు ఎలా పడతారు? ఒకడు ముందూ ఒకడు వెనకా అయ్యి, ఇటుక ఇటుకకీ ఆగుతూ వెళ్ళారు. సగం దూరంలో తడి ఇటుక జారింది. అశోక్, కుర్చీ, త్రిమూర్తులు, అందరూ కాలవలో పడ్డారు. దెబ్బలేం తగల్లేదు. కానీ ఆ నల్లబురదలోంచి ఊపిరాడని మనిషిని పైకి లాగడం, మళ్ళీ కూర్చోబెట్టడం, దిబ్బ ఎక్కించడం, ఇవన్నీ జరగాలి కదా. ఆటోలో ఆయన తల చిన్నమ్మాయి ఒళ్ళోనే ఉంది. "మావా, వచ్చేశాం మావా" అంటూనే ఉందావిడ. ఆస్పత్రి గేటు కనబడుతుండగా గుండెల ఎగసిపాటు ఆగింది. నెమ్మదించిందనుకుని ఆవిడ కొంగుతో ఆయన మొహం తుడిచింది.

డాక్టరు గారు చెయ్యి పట్టి చూసి, కళ్ళు చూసి, "కాస్త ముందు తేవలసిందమ్మా" అన్నారు.

సాయంత్రానికి శవం ఇల్లు చేరింది. వీరదుర్గ పెద్దాపురం నుంచి వచ్చి తల్లి మీద పడి ఏడ్చింది. చిన్నమ్మాయి కళ్ళల్లో నీళ్ళు లేవు.

"గట్టమ్మటని నేనే అన్నానే. వాడు కాలు పెట్టాడు, నేనే తీయించాను. నా నోరు పడిపోను. పది పరకల కోసం మీ నాన్నని కాలవలో పడేశాను."

"నువ్వెందుకమ్మా, ఆ మునిసిపాలిటీ వాళ్ళు కదా చంపింది" అంది సత్యకుమారి. అది నిజమే. కానీ ఆ నిజం ఆవిడకి ఎందుకు పనికొస్తుంది?

పొద్దున్న పాడె లేచింది. నలుగురూ భుజాన వేసుకుని గుమ్మం దిగారు. ముందున్న లోవరాజు పైరు దాకా వచ్చాడు. వచ్చి, కళ్ళు వాచిపోయి ఉన్న ఆ మనిషి, ఏమీ ఆలోచించకుండానే, కాలవ అంచుకి తిరిగాడు. మిగతా ముగ్గురూ తిరిగారు.

అరుగు మీద ఆడవాళ్ళ మధ్య ఉన్న చిన్నమ్మాయి అది చూసింది. చేతులు విడిపించుకుని లేచి, తిన్నగా పైరులోకి దిగింది. వెనక్కి కాదు, ముందుకి. తను గుచ్చిన కుదుళ్ళ మీద ఒక్కొక్కదాని మీదా పాదం మోపి, బురదలోకి అణిచి, మళ్ళీ అడుగు వేసింది. పాడె ముందు ఆడది నడవకూడదని ఎవరో గొణిగారు. హరిబాబు గారు వాళ్ళని చెయ్యెత్తి ఆపారు.

"ఇటు రండి బాబూ. తొక్కండి" అంది చిన్నమ్మాయి. "మీ బాబాయిని గట్టమ్మట తీసుకెళ్ళకండి. నడి వీధినే తీసుకెళ్ళండి."

లోవరాజు ఏడుస్తూ దిగాడు. ఆవిడ వెనకే పాడె నడిచింది. దిబ్బ దగ్గర ఆవిడ పక్కకి తప్పుకుంది. నలుగురూ పాడె పైకెత్తి దిబ్బ దాటించారు, డప్పు చప్పుడు మెయిన్ రోడ్డెక్కింది. చిన్నమ్మాయి అక్కడే బురదలో కూలబడి సందు వైపు చూసింది. పచ్చటి పైరు మధ్యలో, దిబ్బ దగ్గర్నుంచి తన గుమ్మం దాకా, ఇద్దరు మనుషులు కుర్చీ మోసుకుని వెళ్ళగలిగేంత దారి పడి ఉంది.