జవాబొచ్చే పాటలు ఏరిచ్చిన క్యాసెట్ల చిచ్చా

ఆ దినం హుస్సేనీ ఆలంల చాయ్ తాగుతున్న. సాయంత్రం అసర్ నమాజుకు ముందు మస్జిద్ మైకుల ఒకాయన చనిపోయిండని పేరు చదివిన్రు. ఆ పేరు ఎవరిదో నాకు తెల్వలే. హోటలాయన చేతుల ఉన్న గ్లాసు కింద పెట్టి, "అరే, మన క్యాసెట్ల చిచ్చా గద భాయ్" అన్నడు. ఇన్నేండ్లు ఆయన దుకాణానికి పోయినోన్ని, ఆయన పేరేందో పోయినంక మైకుల విన్న.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూసున్న. నేను బస్ డిపోల మెకానిక్ పని చేసి రిటైరైనోన్ని, చదువు ఏడో తరగతి దాంకనే. ఎక్కువ తక్కువ రాస్తే మన్నించున్రి. సంతోషమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చి మీద పడ్డయి, అందుకే రాయకుండ ఉండలేకపోతున్న.

చిచ్చా దుకాణం గడియారాలు బాగుజేసే షాపు పక్కన ఉంటుండె. ఆయన కూసుంటే గిరాకీ బయట నిలబడాల్సిందే, అంత జాగ. గోడకు కింది నుంచి పైదాంక జానపద పాటల క్యాసెట్లు. తర్వాత సీడీలొచ్చినయి, ఆ తర్వాత మెమరీ కార్డులు, పెన్ డ్రైవులు. సామాను మారింది గని ఆయన పని మారలే. వచ్చిన మనిషికి ఏ పాటలు కుదురుతయో చెప్పుడే ఆయన పని.

నా పెండ్లయిన కొత్తల మా ఇంటామె పాలమూరు దిక్కు పల్లె నుంచి కిషన్‌బాగ్ వచ్చింది. నాట్లేసుకుంట పాడిన మనిషి, మా ఒక్క అర్ర ఇంట్ల నోరు మెదపకుండ అయింది. ఏం చెయ్యాల్నో తెల్వక చిచ్చా కాడికి పోయిన.

"భాయ్, మంచి జానపద క్యాసెట్ ఒకటి ఇయ్యి."

"ఎవరికి?"

"మా ఇంటామెకు."

"ఊర్ల ఏం పని చేస్తుండె?"

"పొలం పని. నాట్లు, కలుపు."

"అంటే వంగి పాడినామె" అనుకుంట లేచి క్యాసెట్లు వెతుకవట్టిండు.

నాకు నవ్వొచ్చింది. "పాటలు అడిగితే నడుము సంగతి ఎందుకు భాయ్?"

"వంగినోళ్లకు ఊపిరి చిన్నగుంటది. పాటల లైను గూడ చిన్నగుంటది. నిలబడి పాడే పాటలిస్తే ఆమెకు పరాయిగ అనిపిస్తది" అన్నడు. ఒకటి తీసి చేతుల పెట్టిండు. "తీస్కపో. జవాబు ఇయ్యకపోతే వాపసు తీస్కరా."

జవాబు అంటే ఏందో అప్పుడు నాకు తెల్వదు. మన పాటలల్ల ఒకామె లైను అంటది, మిగిలినోళ్లు అందుకుంటరు గద, దాన్నే చిచ్చా జవాబు అంటుండె. ఇంటికొచ్చి టేపుల పెట్టిన. ఆమె బియ్యం ఏరుతున్నది, తల గూడ ఎత్తలే. రెండో పాట నడుస్తుంటె టేపులామె లైను అని ఆగింది. టేపుల వాళ్లకంటె ముందు మా ఇంటామె అందుకున్నది. చేతులు చేటలనే ఉన్నయి, గొంతు మాత్రం ఎక్కడికో పోయింది. నేను నోరు తెరుసుకొని నిలబడ్డ. మనిషిని చూడకుండ, గొంతు వినకుండ, ఆమెకు ఏ పాట కావాల్నో ఆయనకెట్ల తెలిసింది? ఇప్పటికీ నాకు సమజ్ కాదు.

అప్పటి నుంచి నేను ఆ దుకాణం వదలలే. కొత్త ఆల్బం వస్తె చిచ్చా ముందు ఫ్యాను బంద్ చేస్తుండె. మొదటి పాట వినడు, ఆఖరు పాట పెడుతుండె. "ముందు పాట అమ్మేతందుకు పెడ్తరు భాయ్. ఆఖరుకు వచ్చేసరికి అలసిపోతరు. అలసినంక గూడ పాట నిలబడ్తదా, అది చూడాలె" అంటుండె. చెమటలు కారుతున్నా పాట అయిపోయేదాంక ఫ్యాను వెయ్యనియ్యడు. గిరాకీ లొల్లి చేస్తె ఒక వేలు లేపుతుండె, అంతే.

ఒకసారి పెండ్లి బరాత్‌కు కావాలని పిలగాండ్లు వచ్చిన్రు. కొత్తగ వచ్చిన డీజే జానపదం అడిగిన్రు.

"ఇస్త. బరాత్‌ల మస్తుంటది. ఇంట్ల పెట్టకున్రి" అన్నడు.

"ఎందుకు చిచ్చా, ఖరాబా?"

"ఖరాబ్ గాదు బేటా. దీన్ల జవాబుకు జాగ లేదు. పాడేటామె లైను అయిపోకముందే మిషిని అరుస్తది. నువ్వు ఎప్పుడు అందుకుంటవ్?"

"మేం డాన్స్ చేస్తం చిచ్చా, అందుకోం."

"గట్లయితె బేఫికర్ తీస్కపో" అని తనే నవ్విండు. ఏ ఆల్బంనూ చెత్త అనలే ఆయన. ఎక్కడ వినాల్నో, ఎవరితోని వినాల్నో చెప్తుండె.

ఆయన మాటలు వింటె మీరు నవ్వుతుంటిరి. ఇంట్ల దక్ఖనీ, బజార్ల దక్ఖనీ. తెలుగంత పాటల నుంచి నేర్సుకున్నదే. "నాది క్యాసెట్ల తెలుగు భాయ్. ఎడ్ల గురించి, వానల గురించి, అత్త గురించి ఎంతైనా మాట్లాడ్త. కరెంటు బిల్లు గురించి మాత్రం ఉర్దూలనే అడుగు" అంటుండె.

ఇగ నా బిడ్డ సంగతి. వాళ్లమ్మ పాటలన్ని దానికి వచ్చు. అమ్మ లైను, బిడ్డ జవాబు, ఒక్కోపారి అటుదిటు. మూడేండ్ల కింద వాళ్లమ్మ పోయింది. ఆ పాటలు పోకూడదని బిడ్డ స్టూడియోల ఆల్బం చేసింది. నేను ఎగురుకుంట చిచ్చా కాడికి తీస్కపోయిన, బిడ్డను గూడ తోల్కపోయిన. ఫ్యాను బంద్ అయింది. ఆఖరు పాట అయిపోయింది. చిచ్చా ఫ్యాను వెయ్యకుండనే బిడ్డ దిక్కు తిరిగిండు.

"బేటీ, జవాబు ఎవరిచ్చిన్రు?"

"కోరస్ ఉన్నది గద చిచ్చా" అన్నది బిడ్డ.

"ఉన్నది. అందరు ఒక్కపారే ఊపిరి తీస్తున్నరు. పది మంది ఆడోళ్లు గిట్ల తియ్యరు. అందరు నువ్వే."

నాకే తెల్వదు ఆ ముచ్చట. బిడ్డ తల వంచుకొని చెప్పింది, "అమ్మ లేదు గద చిచ్చా. జవాబు ఇచ్చేటోళ్లు లేక అన్ని గొంతులు నేనే పాడి కలిపిచ్చిన."

చిచ్చా కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. ఓదారుస్తడనుకున్న. "మీ గల్లీల ఆడోళ్లకు నోర్లు లేవా?" అన్నడు.

బిడ్డకు మస్తు కోపమొచ్చింది. ఇంటికొచ్చి, "నేనింక పాడ బాపూ. అమ్మ పాటలు అమ్మతోనే పోనియ్యి" అన్నది. శాన దినాలు ఇంట్ల పాట లేదు. చిచ్చా మీద గూడ కోపం తెచ్చుకుందామని చూసిన, రాలే.

ఏమనుకున్నదో, ఒక ఐతారం తనే పోయి గల్లీల తలుపులు కొట్టింది. మా ఇంట్ల చాపలేస్తె అత్తలు, వదినెలు వచ్చి కూసున్నరు. పక్కింటి ఖాలాకు తెలుగు అంతంతే, ఆమె గూడ వచ్చి అందరికంటె జోరుగ అందుకున్నది. ఒకామె ముందు అందుకుంటె ఒకామె ఎనుక. అట్లనే రికార్డు చేసిన్రు. పెన్ డ్రైవ్ నేనే తీస్కపోయి చిచ్చా చేతుల పెట్టిన.

"ఉండనియ్ భాయ్. విని చెప్త" అన్నడు. అప్పటికే మనిషి దగ్గుతున్నడు. మళ్ల పోతె షట్టర్ వేసున్నది, దవాఖానల వేసిన్రన్నరు. ఆ తర్వాత మైకుల ఆ పేరే విన్న.

ఖబరస్తాన్ పోయి పిడికెడు మట్టి వేసొచ్చిన. ఇంటికాడ బిడ్డ గుమ్మంలనే ఉన్నది.

"విన్నడా బాపూ?"

"తెల్వదు బిడ్డా."

"మంచిగున్నది అనకపోయినా సరే. విన్నడో లేదో తెలిస్తె సాలుండె" అన్నది. ఆ ఒక్క ముచ్చట ఆయనతోనే పోయిందనుకున్న.

మొన్న బహదూర్‌పురాల షేర్ ఆటో ఎక్కిన. ముందు సీటుల కాలేజీ పిలగాడు, నా పక్కన కూరగాయల సంచి పట్టుకొని బురఖాల ఒక ముసలామె. డ్రైవరు జెర దూరం పోయినంక పాట పెట్టిండు. నా బిడ్డ గొంతు.

"ఈ పాటలు ఎక్కడియి నాయనా?" అని అడిగిన.

"హుస్సేనీ ఆలంల చిచ్చా ఉంటుండె, ఆయన ఎక్కిచ్చిండు. దవాఖానకు పోయే ముందుగాల, నన్ను పిలిచి మరీ. నేను సినిమా పాటలు అడిగితె, పహెలే యే సున్, ముందు ఇది విను అన్నడు."

"ఇంకేమన్నడు?"

"ఆటోల ఒక్కనివే ఉంటె పెట్టకు, సవారీ ఎక్కినంకనే పెట్టు అన్నడు. దీన్ల ఆడోళ్లు ఒక్కొక్కరు ఒక్కోతాన ఊపిరి తీస్తున్నరు, అసలైన పాట అన్నడు. ఊర్లల్లకు పోయే ఆటోలోళ్లందరికీ ఇయ్యాలని కార్డులు చేసి పెట్టిండు కాకా."

పాడింది నా బిడ్డ అని చెప్పబోయి ఆగిన. వెంటనే బిడ్డకే ఫోన్ చేసిన, మాట్లాడకుండ పాట దిక్కు పట్టిన. అవతల నుంచి బిడ్డ "బాపూ, ఎక్కడున్నవ్?" అన్నది, ఇంకోపారి అన్నది, తర్వాత తన గొంతే గుర్తువట్టింది. వింటున్నది.

బిడ్డ లైను అని ఆగింది. ముందు సీటుల పిలగాడు చెవుల నుంచి ఇయర్‌ఫోన్ తీసిండు. కిషన్‌బాగ్ వచ్చింది, నేను దిగలే. నా పక్కన ముసలామె సంచి కాళ్ల నడుమ పెట్టుకొని, ఉంగరం ఉన్న వేలుతోని ఆటో రాడ్ మీద టక్ టక్ కొట్టుకుంట, మాటలు రాకపోయినా గొంతు ఎత్తి అందుకుంటున్నది.