కాలిన వాసన

పావగడ నుంచి క్యాతగానచెర్లు మీదుగా పోయే బస్సు. నా ఒడిలో ఉన్న రబ్బరు చేతి తొడుగులు చూసి, పక్క సీట్లోని కాలేజీ అమ్మాయి అడిగింది.

"సోలార్‌లో పనా అన్నా? స్విచ్ ఆపేస్తే కరెంటు పూర్తిగా పోతాదా?"

"పోదమ్మా. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్లో ఉండనే ఉంటాది."

ఆమె ముఖం పాలిపోయింది. "నాకు తెలిసిన ఒకాయప్ప గూడా సోలార్‌లోనే పని. స్విచ్ ఆపితే కరెంటు పోతాదనుకోని ఒట్టి చేతుల్తోనే వైర్లు పట్టుకుంటాడు."

తర్వాత మెల్లగా చెప్పింది. ఎవరికైనా ప్రమాదం జరగబోయే ముందు, వాళ్ల దగ్గర ఆమెకు కాలిన వాసన వస్తుందట. మొదట తాత దగ్గర, తర్వాత పక్కింటామె దగ్గర. నిన్నటి నుంచి, తను ప్రేమిస్తున్న ఆ సోలార్ అబ్బాయి దగ్గర.

"అతనికి చెప్పలేదా?"

"దయ్యం పట్టినాదని పారిపోతాడన్నా. ఈ ముక్కు నేనేమన్నా అడిగి తెచ్చుకుంటినా?"

భ్రమ, భయం, కాకతాళీయం అని మూడు కారణాలు అనుకున్నాను. ఏదీ సరిపోలేదు. తొడుగులు ఆమెకిచ్చాను.

"వాసన మాట ఎత్తొద్దు. ఎండ సంగతి చెప్పు, చాలు."

క్యాతగానచెర్లులో అతను బండి మీద ఎదురుచూస్తున్నాడు. ఆమె దిగి ఏదో చెప్పింది. అతను నవ్వుతూ తొడుగులు వేసుకున్నాడు. ఆమె అతని భుజం దగ్గరగా వంగి గాలి పీల్చింది. వాసన ఇంకా పోనట్టుంది, వెంటనే బండి తాళం లాక్కుని ఊళ్లోకి నడిచింది.

"ఏమ్మే, తాళమియ్యి! డ్యూటీకి టైమైతాండాది!" అంటూ అతను వెంటపడ్డాడు. ఆమె ఆగలేదు. బస్సు కదిలింది.

ఆ వాసనను నేను ఇప్పటికీ నమ్మను. కానీ తోటి పనివాళ్లు వైర్లు ముట్టుకునే ముందు, పక్కన నిలబడి నేనూ ఒకసారి గాలి పీలుస్తాను. వేడి దుమ్ము వాసన తప్ప ఏమీ రాదు.