గ్రహణం విడిచినా పడని రోకలి

2010 జనవరి 15, శుక్రవారం. పగలు పన్నెండు గంటల పది నిమిషాలకు నా సెల్‌ఫోన్ మోగింది. అప్పటికి సూర్యగ్రహణం పట్టి ముప్పావుగంట దాటింది. జనగామలో మా వీధిలో ఒక్క ఇంటి తలుపూ తెరిచి లేదు. నేను మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని, వెల్డింగు వాళ్లు కళ్లకు పెట్టుకునే నల్లద్దంలోంచి సూర్యుణ్ణి చూస్తున్నాను.

"టీచర్, నేను," అంది అవతలి గొంతు గుసగుసగా. "ఉమ్మనీరు వోయింది. నెత్తురు గూడ పడుతున్నది. గ్రహణం ఇడిశేదాక లేవొద్దంటున్నరు. చీకటి అర్రల పండవెట్టిన్రు."

నెల్లికుదురులో నేను పాఠాలు చెప్పిన రోజుల్లో తొమ్మిదో తరగతిలో ముందు బెంచీ పిల్ల తను. పెళ్లయ్యాక మా వెనక వీధికే కోడలిగా వచ్చింది. ఇది రెండో కాన్పు కాబట్టి అత్తగారింట్లోనే ఉంది. నెలలు నిండాయి.

ఆ తొమ్మిదో తరగతి సంగతి చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. సాంఘిక శాస్త్రంలో యూరప్ పాఠం ఒకటి ఉండేది. పరీక్షలో దానికి నాలుగు మార్కులు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని పోలండులో ఒక చర్చి ఉద్యోగి పుస్తకం రాశాడు, అది అచ్చయిన ఏడాదే చనిపోయాడు. తర్వాత ఇటలీలో ఒకాయన దూరదర్శినిని ఆకాశం వైపు తిప్పి, చంద్రుడి మీద కొండలున్నాయన్నాడు, గురుగ్రహం చుట్టూ నాలుగు చందమామలు తిరుగుతున్నాయన్నాడు. మీరే చూడండని పెద్దలను పిలిచాడు. కొందరు పండితులు ఆ గొట్టానికి కన్ను ఆనించడానికే ఒప్పుకోలేదు. చివరకు మతాధికారులు డెబ్బై ఏళ్ల వయసులో ఆయన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చెప్పింది తప్పని అనిపించారు. చనిపోయేదాకా ఇల్లు కదలనివ్వలేదు.

"వాళ్లు ఎందుకు చూడలే టీచర్?" అని అడిగింది ఈ పిల్లే.

"చూస్తే ఒప్పుకోవాల్సొస్తదని," అన్నాను.

పాఠం అక్కడితో ఆపలేదు. మన వైపు గ్రహణం నాడు ఇత్తడి పళ్లెంలో పసుపు నీళ్లు పోసి రోకలిని నిలబెడతారు. గ్రహణం బలంతోనే అది నిలబడుతుందనీ, విడవగానే దానంతటదే పడిపోతుందనీ నమ్ముతారు. నేను ఒక మామూలు మంగళవారం బడి పక్క హాస్టల్ వంటమనిషి దగ్గర రోకలి అడిగి తెచ్చి, నిలబెట్టమన్నాను. అడుగున ఇనుప పొన్ను చదునుగా ఉంటే, ఓపిక ఉంటే, రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. నీళ్లూ అక్కర్లేదు, పసుపూ అక్కర్లేదు. నాలుగోసారికి నిలబెట్టి చేతులు తీసేసింది కూడా ఈ పిల్లే. తరగతంతా చప్పట్లు కొట్టింది.

ఆ చేతులే పన్నెండేళ్ల తర్వాత చీకటి గదిలో కడుపు పట్టుకుని ఉన్నాయి.

నేను వెళ్లేసరికి వాళ్ల వాకిట్లో పళ్లెం, పళ్లెంలో రోకలి. పక్కన పీట మీద అత్తగారు.

"ఎండల ఎందుకొచ్చినవ్ టీచరమ్మా? లోపటికి రా, మీద వడ్తది గ్రహణం."

"కోడలికి నెత్తురు పోతున్నది చెల్లె. దవాఖానకు తీస్కపోవాలె."

"పోదాం. రోకలి పడంగనే పోదాం. ఇప్పుడు బయటికి తీస్తే పిల్లకు మొర్రి వస్తది. నువ్వొచ్చి కుట్టిస్తవా మూతి?"

అంబులెన్సుకు ఫోన్ చేశాను. అప్పుడు తెలంగాణ కోసం చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల టెంటు ఉండేది. దారిలో సగం దాకా బెంచీలు. నేనూ వారానికో పూట అందులో కూర్చునేదాన్ని. ఆ టెంటు వాళ్లు బెంచీలెత్తి పక్కన పెట్టి మరీ అంబులెన్సుకు దారి ఇచ్చారు. ఒంటి గంటలోపే వచ్చింది. అది వీధి మలుపు తిరగడం చూసి నా ప్రాణం కుదుటపడింది. అత్తగారు గేటు దగ్గరికి కూడా రాలేదు. కూర్చున్నచోటు నుంచే, "గ్రహణం ఇడిశినంక రా నాయినా," అంది. డ్రైవరు నచ్చజెప్పాడు, బతిమాలాడు. ఇంతలో ఇంకో చోటు నుంచి ఫోన్ వస్తే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

టెంటులో ఉన్న ఆమె భర్తను పిలిపించాను. ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాడు. మెడలో ఉద్యమ కండువాతో వచ్చాడు. ఉదయం మైకులో, "మా బతుకు మేమే తేల్చుకుంటం, ఎవ్వని పెత్తనానికి తలవంచం," అని అరిచిన మనిషి. నేనూ చప్పట్లు కొట్టాను.

"నాకు తెల్వదా టీచర్ సైన్సు?" అన్నాడు తల దించుకుని. "పిలగాండ్లకు రోజు చెప్తనే ఉన్న. కని ఇంట్ల పెద్దోల్లు... రేపేమన్న అయితే నన్నే అంటరు గద. జర ఆగుదాం."

ఢిల్లీని ఎదిరిస్తాడట. తల్లి పళ్లేన్ని దాటలేడు.

గది గుమ్మానికి అడ్డంగా బంధువుల ఆడవాళ్లిద్దరు కూర్చున్నారు. నన్ను లోపలికి పోనిచ్చారు గానీ, ఆమెను లేపబోతే చెయ్యి పట్టి లాగేశారు. చీకట్లో ఆమె మొహం కనిపించలేదు. ఆమెకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు, గ్రహణంలో తాగకూడదట.

"టీచర్, నిజంగ మొర్రి వస్తదా?"

"పెదవి కుదిరేది రెండో నెలల బిడ్డా. గిప్పుడు ఆకాశంల ఏమైతే దానికేంది?"

"నాకు ఎరుకే టీచర్. ఎరుకున్నా గుండె దడదడ కొట్టుకుంటున్నది."

మూడుంబావు దాటాక వెలుగు మామూలుగా తెల్లబడింది. బయటికొచ్చి నల్లద్దం పెట్టి చూశాను. సూర్యుడు నిండుగా, గుండ్రంగా ఉన్నాడు. అద్దం అత్తగారి చేతికిచ్చాను.

"ఇడిశింది. నువ్వే సూడు."

ఆమె అద్దాన్ని ఒళ్లో పెట్టుకుంది. తల ఎత్తలేదు. "రోకలి ఇంక నిలవడే ఉన్నది గద."

"అమ్మా, టీవీల గూడ ఇడిశిందని చెప్పిన్రు," అన్నాడు కొడుకు.

"టీవీది పట్నం లెక్క. మనకు రోకలి చెప్తది."

నాకు నవ్వు రాలేదు. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో గొట్టానికి కన్ను ఆనించని వాళ్ల గురించి అన్నేళ్లు పాఠం చెప్పాను గానీ, వాళ్ల మొహం ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో నల్లద్దం. వాళ్లు చేసింది ఒక ముసలాయన నోరు మూయించడం. ఇక్కడ గోడ అవతల ఒక మనిషి నెత్తురు కారుతోంది. ఆ ఇంటి రోకలికి కొత్త పొన్ను వేయించారు, అడుగు పలకలా చదునుగా ఉంది. ఎవరూ కదిలించకపోతే మరునాటిదాకా అలాగే నిలబడేది.

మూడూ నలభైకి దాన్ని కాలితో తన్నాను. పళ్లెం ఖంగుమని మోగింది, పసుపు నీళ్లు వాకిలంతా చిందాయి.

"నువ్వు పడగొడ్తే లెక్కకు రాదు!" అంది అత్తగారు పళ్లు నూరుతూ.

కానీ లోపలి ఆడవాళ్లకు చప్పుడే వినిపించింది, తన్నింది కనిపించలేదు. రోకలి పడిందనుకుని గుమ్మం వదిలి లేచారు. గోడ పట్టుకుని ఆమె తనంతట తానే బయటికి వచ్చింది. చీర కింది భాగమంతా తడిసి ఉంది.

"పదండి టీచర్," అంది. అత్త వైపు చూడలేదు.

నేనూ, ఆమె భర్తా ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి వేసి, గొట్టం ఆనించి విని, "ఎప్పటి నుంచి?" అని అడిగింది. చెప్పాను. భర్త వైపు ఒకసారి చూసి, చీటీ రాయడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి వరంగల్ పంపారు. నెత్తురు ఆగక, ప్రాణం దక్కాలంటే గర్భసంచి తీయక తప్పదన్నారు.

రాష్ట్రం వచ్చిననాడు ఆ భర్త మా ఇంటికి మిఠాయి పట్టుకొచ్చాడు. రాష్ట్రం కోసం నేనూ టెంటులో కూర్చున్నదాన్నే. అయినా ఆ డబ్బా తీసుకోలేదు. అప్పటికే ఆమె మొదటి కాన్పులో పుట్టిన కూతుర్ని తీసుకుని భూపాలపల్లిలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ గని కార్మికుల పిల్లలకు ట్యూషన్ చెబుతోంది.

ఆ రోజు పోయినవి ఇవి. నా ఫోన్ మోగినప్పటి నుంచి రోకలి పడేదాకా మూడున్నర గంటలు. ఖాళీగా తిరిగిపోయిన అంబులెన్సు ఒకటి. ఇరవై ఆరేళ్ల మనిషి గర్భసంచి. ఒక మగబిడ్డ, బరువు రెండు కిలోల ఎనిమిది వందలు.

బిడ్డను గుడ్డలో చుట్టి ముందు నా చేతికే ఇచ్చారు. మొర్రి లేదు.